అర మిల్లీమీటరు

నేను అమ్మే సరుకు మూడు రకాలు. సిలిండర్లలో వచ్చేది, మీటర్ల లెక్కన కోసి ఇచ్చేది, పొట్లం కట్టి చీటీ అంటించి ఇచ్చేది. హైడ్రోజన్, ఆక్సిజన్ మొదటి రకం. పైపులు రెండోది. వాషర్లు, సీళ్ళు, గ్యాస్కెట్లు మూడోది. సిలిండర్ తేడాగా ఉంటే మీటరు చెప్పేస్తుంది, పైపు తక్కువైతే టేపు చెప్పేస్తుంది. పొట్లం సరుకు మాత్రం చీటీ ఏం చెబితే అదే. ఈ కథ పొట్లం సరుకుది.

ఇరవై రెండేళ్ళుగా నా సరుకులో సగం ఒకే గేటు లోపల దిగింది. లోపల పొడవాటి రేకుల షెడ్డు, దాని వెనక ఇల్లంత గాలి ట్యాంకు. షెడ్డు మధ్యలో బల్లలకి బిగించిన ఒక ఉక్కు గొట్టం. గుండ్రటిది కాదు, నలుచదరం. లోపల చెయ్యి పట్టేంత ఖాళీ. ఒక పక్క మందపాటి గాజు కిటికీ. ఆ గొట్టంలో మంట నిలబెట్టాలి, అంతే వాళ్ళ పని. అదీ, ధ్వని కంటే రెండింతల వేగంతో గాలి పోతూ ఉండగా.

మా అక్క సంబంధం కూడా ఆ షెడ్డులోనే కుదిర్చాను. సరుకు దింపి సంతకం కోసం నిలబడితే, చొక్కా గుండీలు ఒకటి తప్పించి పెట్టుకున్న ఇంజనీరొకాయన వచ్చి, సిలిండర్ మెడ మీది తేదీ చదివి, "దీనికి పరీక్ష గడువు దాటి వారమైంది, తీసుకెళ్ళిపో" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. లారీ ఎక్కాక మాత్రం, ఇంత శ్రద్ధగా చూసే మనిషి ఇంట్లో ఉంటే మంచిదే కదా అనిపించింది. ఆర్నెల్లలో ఆయన నాకు బావ అయ్యాడు. కొనుగోళ్ళతో ఆయనకి ఏ సంబంధమూ లేదు, ఆ సంగతి స్టోర్స్ వాళ్ళది. అయినా గేటు లోపల నేను ఆయన్ని "సార్, మీరు" అనే పిలుస్తాను. గేటు బయట "బావా, నువ్వు". ఆ లెక్క ఇద్దరం ఎప్పుడూ తప్పలేదు.

ఆయన పని నాకు అర్థమయ్యేలా చెప్పడానికి ఆయనకి రెండేళ్ళు పట్టింది. మామూలు జెట్ ఇంజన్ గాలిని నెమ్మది చేసి, అప్పుడు నిప్పు పెడుతుంది. వీళ్ళ ఇంజన్ ధ్వనికి ఆరేడు రెట్ల వేగంతో పోయేదానికి. అంత వేగంగా వచ్చే గాలిని బాగా నెమ్మది చేస్తే, ఆ చెయ్యడంలోనే అది భరించలేనంత వేడెక్కుతుంది. కాబట్టి పోనివ్వాల్సిందే. పోతున్న గాలిలోనే ఇంధనం కలవాలి, అంటుకోవాలి, కాలి పని ముగించాలి. అన్నిటికీ కలిపి సెకనులో వెయ్యో వంతు టైము.

"అంటే బావా, ఆగని రైల్లోంచి ప్లాట్‌ఫారం మీదివాడితో బేరమాడి, డబ్బిచ్చి, సరుకూ చిల్లరా తీసుకోవాలన్నమాట" అన్నాను.

"చిల్లర లెక్కపెట్టుకోవాలి కూడా" అన్నాడు.

తొమ్మిదేళ్ళ క్రితం ఆ బేరం ఒకసారి కుదిరింది. నలభై ఒకటో రన్. రన్ అంటే ట్యాంకులో గాలి ఉన్నంతసేపు వదలడం, పన్నెండు సెకన్లు. అంతకుముందు నలభై సార్లు మంట పుట్టినట్టే పుట్టి ఆరిపోయేది. ఆ రోజు పుట్టింది, గాలి అయిపోయేదాకా ఉంది. కిటికీలోంచి తీసిన ఫొటో బావ ఇంట్లో ఫ్రేము కట్టించి పెట్టుకున్నాడు. పెళ్ళి ఫొటో పక్క గదిలోకి మారింది. "మన పెళ్ళి ఇన్నేళ్ళుగా నిలిచే ఉందిగా, దానికి ఫొటో ఎందుకులెండి" అంది మా అక్క.

ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ నిలవలేదు. ఇంధనం ఒత్తిడి మార్చారు, గాలి వేడి మార్చారు, ఇంధనం చిమ్మే రంధ్రాల వాలు మార్చారు. నూట అరవై రన్లు. ఒక్కోటి పన్నెండు సెకన్లు. కూడితే ముప్ఫై రెండు నిమిషాలు. తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో అసలు పని ముప్ఫై రెండు నిమిషాలు, మిగతాదంతా బిగించడం, విప్పడం, ట్యాంకు నిండేదాకా కూర్చోవడం. బావ జుట్టు ఆ మిగతాదాంట్లోనే తెల్లబడింది.

మొన్న ఆదివారం పొద్దున అక్క ఇంటికి వెళ్ళేసరికి బావ కుర్చీలో కూర్చుని ఫ్రేము విప్పుతున్నాడు.

"ఏంటి బావా, గాజు పగిలిందా?"

"లేదు. దీని పని అయిపోయింది" అన్నాడు. "మంగళవారం ఆఖరి రన్. ఆ తర్వాత గొట్టం విప్పేస్తారు. నన్ను పత్రాల విభాగానికి పంపుతారు."

అక్క వంటింట్లోంచే అందుకుంది. "అది కాదు తమ్ముడూ ఈయన బాధ. గొట్టం విప్పాలని తేల్చిన కమిటీలో ఎవరో, నలభై ఒకటి అసలు జరగనే లేదన్నారట. కెమెరా తప్పో, మీటరు తప్పో అయ్యుంటుందట. మూడు రోజులుగా అన్నం సరిగ్గా ముట్టట్లేదు."

"తింటున్నానుగా" అన్నాడు బావ.

"కెలుకుతున్నారు. దాన్ని తినడం అనరు."

బావ ఫొటో తీసి నా చేతిలో పెట్టాడు. "నువ్వు చెప్పు. ఇది మీటరు తప్పులా ఉందా?"

తొమ్మిదేళ్ళుగా చూస్తున్న ఫొటోనే. ఎడమ నుంచి కుడికి గాలి. కింద గోడలో ఇంధనం చిమ్మే బ్లాకు, సబ్బుబిళ్ళంత ఉంటుంది. దాని వెనక నీలంగా మొదలై తెల్లగా సాగిన మంట.

"ఇక్కడ చూడు," బావ గోటితో చూపించాడు. "మేం అనుకున్నది మంట ఇంకా వెనక, ఈ గుంటలో కూర్చుంటుందని. అది అక్కడ లేదు. బ్లాకు వెనక అంచుని పట్టుకుని కూర్చుంది. అక్కడ దానికి ఆసరా ఏముంది? ఏదైనా మెట్టు ఉంటే దాని వెనక గాలి కాస్త సుడి తిరుగుతుంది, మంటకి నీడ దొరుకుతుంది. అక్కడ మెట్టు లేదే. నున్నటి గోడ. రిజిస్టర్లో రాసి ఉంది, 'బ్లాకు గోడతో సమంగా ఉంది, సరే' అని. మెట్టు పెట్టి చూద్దామని ఒకసారి అడిగాను కూడా. మెట్టు లేకుండానే నలభై ఒకటి నిలిచిందిగా, ముందు దాన్నే మళ్ళీ చేసి చూపించండి అన్నారు. నిజమే కదా."

నా చేతిలో టీ గ్లాసు ఉంది. అది కింద పెట్టాను.

"ఏంట్రా, చక్కెర ఎక్కువైందా?" అంది అక్క.

"లేదక్కా. బాగుంది."

బాగుందో లేదో నాకు తెలీదు. నా కళ్ళు ఫొటోలో ఆ బ్లాకు మీదే ఉన్నాయి.

ఆ బ్లాకు గోడలో కోసిన గాడిలో కూర్చుంటుంది. దాని కింద గాలి కారకుండా రాగి గ్యాస్కెట్, పల్చటి రేకు బిళ్ళ. మందం సరిగ్గా ఒక మిల్లీమీటరు ఉంటేనే బ్లాకు గోడతో సమంగా ఉంటుంది. ప్రతి రన్‌కీ కొత్తది వేసి పాతది పారేస్తారు. ఆ గ్యాస్కెట్లు నావి.

తొమ్మిదేళ్ళ క్రితం ఒక నెల ఒక మిల్లీమీటరు రాగి రేకు ఎక్కడా దొరకలేదు. స్టోర్స్ వాళ్ళు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోను. నా గోడౌన్లో ఒకటిన్నర మిల్లీమీటర్ల రేకు ఉంది. అందులోంచి ఒక్కటి కోసి, పొట్లం కట్టి, చీటీ మీద 'ఒకటి' అని రాశాను. అర మిల్లీమీటరు. ఎవరికి పట్టింది అనుకున్నాను.

పట్టింది ఒక్కరికే. అప్పటి ఫిట్టరుని అందరూ 'బొటనవేలు' అనేవాళ్ళు. స్కేలు పెట్టడు, గేజి పెట్టడు, బొటనవేలితో అతుకు మీద ఒకసారి రాసి, "సరే" అంటాడు. ఆయన "సరే" అంటే రిజిస్టర్లోకి ఎక్కిపోయేది. ఆ రోజు నేను సంతకం కోసం పక్కనే ఉన్నాను. రాశాడు, ఆగాడు.

"కాస్త ఎత్తుగా ఉందే" అన్నాడు.

"కొత్త రాగి కదన్నా. బిగిస్తే కూర్చుంటుంది" అన్నాను.

ఆయన నా వంక చూశాడు. పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నాడు, మోకాళ్ళు పట్టేసి ఉన్నాయి. "నువ్వు చెబుతున్నావ్ కాబట్టి" అని, "సరే" అన్నాడు. ఆ రాత మీదే మా బావ తొమ్మిదేళ్ళు నడిచాడు. తర్వాతి వారం రేకు దొరికింది, అప్పట్నుంచీ అన్నీ ఒక మిల్లీమీటరువే ఇచ్చాను. నిక్కచ్చిగా. బొటనవేలు పోయి నాలుగేళ్ళయింది. ఇక ఈ విషయం తెలిసినవాణ్ణి భూమ్మీద నేనొక్కణ్ణే.

ఆ మధ్యాహ్నం గోడౌన్‌కి వెళ్ళాను. నాకు ఒక అలవాటు, ఏదీ పారేయను. వెనక ర్యాకు అడుగున పాత కేబుళ్ళ కింద ఆ రేకు ముక్క దొరికింది. కొలిచాను. ఒకటిన్నర. బల్ల మీద పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. సరుకు ముందు పెట్టుకుంటే గానీ నాకు బుర్ర పనిచేయదు.

నోరు మూసుకుంటే ఏమవుతుంది? మంగళవారం మంట ఆరుతుంది, గొట్టం విప్పుతారు, నలభై ఒకటి మీటరు తప్పుగా మిగులుతుంది. తప్పుగా చూసినవాడు మా బావ అవుతాడు. చెబితే? స్టోర్స్ జాబితాలోంచి నా పేరు పోతుంది. ఈ వయసులో ఇంకో గేటు వెతుక్కోవాలి. ఇంకో గేటు ముందు నిలబడే ఓపిక నాకు ఉందా అంటే, నిజం చెప్పాలంటే, లేదు.

అప్పుడు వ్యాపారి బుర్ర మూడో దారి చూపించింది. రేపు పొద్దున మామూలుగా సరుకు దింపాలి. ఇందులోంచి ఒకటి కోసి, చీటీ మీద మళ్ళీ 'ఒకటి' అని రాసి ఇచ్చేస్తే? మంట నిలుస్తుంది. బావ పేరు నిలుస్తుంది. నా పేరు జాబితాలో ఉంటుంది. ఎవరికీ ఏ నష్టమూ లేదు.

కత్తెర కూడా తీశాను. తీశాక ఆలోచన ఇంకొంచెం ముందుకి వెళ్ళింది. మంట నిలుస్తుంది, సరే. ఆ తర్వాత? మళ్ళీ నిలవదు. ఎందుకు నిలవలేదని మళ్ళీ మొదలెడతారు. రెండు వందల రెండో రన్ ఫొటోకి ఫ్రేము కట్టిస్తాడు. ఇంకో తొమ్మిదేళ్ళు. ప్రతిసారీ నేను చాటుగా దొంగ చీటీ రాస్తూ పోతే తప్ప. ఎంత లెక్క వేసినా ఆ దారి గోడకి కొట్టుకుని ఆగింది.

గ్యాస్కెట్ కోశాను. చీటీ మాత్రం అంటించలేదు.

సోమవారం పొద్దున గేటు దాటి షెడ్డులోకి వెళ్ళాను. బావ గొట్టం పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని ఏదో రాసుకుంటున్నాడు. గుండీలు ఆ రోజు సరిగ్గానే ఉన్నాయి. అక్క పెట్టి ఉంటుంది.

"బావా" అన్నాను.

తల ఎత్తాడు. గేటు లోపల ఆ మాట ఎప్పుడూ వినలేదు. "ఎవరికి ఏమైంది? మీ అక్క బాగానే ఉందా?"

"అక్క బాగానే ఉంది. ఇది చూడు."

గ్యాస్కెట్ చేతిలో పెట్టాను. తిప్పి చూశాడు, జేబులోంచి మైక్రోమీటర్ తీసి కొలిచాడు. "ఒకటిన్నర. తప్పు సరుకు. వెనక్కి తీసుకెళ్ళు."

"నలభై ఒకటికి నేనిచ్చింది ఇదే. చీటీ మీద ఒకటి అని రాశాను. బొటనవేలన్న ఎత్తుగా ఉందన్నాడు. బిగిస్తే కూర్చుంటుందని నేనే చెప్పాను."

బావ మళ్ళీ కొలిచాడు. మూడు చోట్ల కొలిచాడు. లేచి గొట్టం దగ్గరికి వెళ్ళి, బ్లాకు ఉండే చోట బొటనవేలు పెట్టి, అచ్చం ఆ పెద్దాయనలాగే, ఒకసారి రాశాడు. తర్వాత వచ్చి పీట మీద కూలబడ్డాడు.

"మెట్టు" అన్నాడు.

"ఆఁ."

"మెట్టు ఉంది. తొమ్మిదేళ్ళుగా లేదు లేదు అని నేను రాస్తూ వచ్చాను. లేదని నిరూపించి రెండు పేపర్లు కూడా రాశాను."

"బావా..."

"ఉండవయ్యా." కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు. "మీ అక్కని కూడా ఇలాగే చీటీ మార్చి అంటగట్టావా నాకు?"

"లేదు. ఆ సరుకు ఒరిజినల్."

నవ్వాడో దగ్గాడో తెలీలేదు. ఒక్కసారే వచ్చి ఆగిపోయింది. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. తిట్టేంత ఓపిక కూడా ఆయనలో మిగల్లేదు.

"రేపు ఇది వేస్తే నిలుస్తుందేమో," అన్నాడు కాసేపటికి. "కానీ ఊరికే వెయ్యలేను. రిజిస్టర్లో ఉన్నది తప్పని కాగితం ఉండాలి. లేకపోతే రేపటిది కొత్త మార్పు అంటారు, నలభై ఒకటి మీటరు తప్పుగానే ఉండిపోతుంది. నువ్వు రాసివ్వాలి."

"రాస్తాను. అందుకే వచ్చాను."

అక్కడే, ఆయన పీట మీదే రాశాను. ఫలానా తేదీన నేను ఇచ్చిన గ్యాస్కెట్ చీటీ మీద రాసినట్టు ఒక మిల్లీమీటరు కాదు, ఒకటిన్నర. తెలిసే ఇచ్చాను.

బావ చదివి, ఆఖరి మాట మీద వేలు పెట్టాడు. "తెలిసే అని ఎందుకు? పొరపాటున అని రాయి. పొరపాటైతే హెచ్చరికతో వదిలేస్తారు. తెలిసి అంటే నీ పేరు తీసేస్తారు."

ఆ సంగతి రాత్రంతా నాతో పడుకుని లేచిందే. "పొరపాటైతే తొమ్మిదేళ్ళ కిందటి ఒక్క గ్యాస్కెట్ నీకెలా గుర్తుందయ్యా అని అడగరా? ఏమని చెప్పను? తెలిసి చేసినవాడికే గుర్తుంటుంది బావా. పొరపాటని రాస్తే ఈ కాగితాన్ని ఎవరూ నమ్మరు."

బావ వేలు తీసేశాడు.

స్టోర్స్ మేడమ్ దాన్ని రెండుసార్లు చదివింది. పదకొండేళ్ళుగా నా చలానాల మీద ఆవిడదే సంతకం. "ఇది నేను తీసుకుంటే ఏమవుతుందో తెలుసుగా?"

"తెలుసు మేడమ్."

"ఆలోచించుకోండి. మధ్యాహ్నం దాకా నేను ఇక్కడే ఉంటాను."

"ఆలోచించేశాను. ముద్ర వేసెయ్యండి, లారీ అడ్డంగా ఉంది."

ఆవిడ ముద్ర వేసింది. మామూలుగా గట్టిగా కొడుతుంది. ఆ రోజు మెల్లగా ఒత్తింది.

మంగళవారం ఖాళీ సిలిండర్లు తెచ్చుకోవడానికి వెళ్ళాను. అదే ఆఖరిసారి కాబట్టి గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. రన్ జరిగేటప్పుడు షెడ్డు లోపల మనుషులు ఉండకూడదు. బావ వాళ్ళూ, కమిటీ వాళ్ళూ పక్కన మందపాటి గోడల గదిలో తెర ముందు కూర్చుంటారు. నేను సిలిండర్ల వసారాలో ట్రాలీ మీద కూర్చున్నాను. పదకొండున్నర కావొస్తోంది. సైరన్ మోగింది. తర్వాత ఆ చప్పుడు. ఇన్నేళ్ళుగా వింటున్నా దానికి అలవాటు పడలేదు, చెవులతో కాదు, పళ్ళతో వినాలి. లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. మంట ఉన్నా లేకపోయినా బయటికి చప్పుడు ఒక్కటే. గాలి గాలిలాగే అరుస్తుంది. పదకొండు, పన్నెండు. ఆగింది.

ఎవరూ బయటికి రాలేదు. చప్పట్లూ వినపడలేదు. సిలిండర్ల టోపీలు బిగించడం మొదలుపెట్టాను. ఏడో సిలిండర్ దగ్గర బావ వచ్చి ట్రాలీకి అవతలి కొసన కూర్చున్నాడు.

ఎనిమిదో టోపీ చేతిలోకి తీసుకున్నాను.

"నిలిచింది" అన్నాడు.

"ఎంతసేపు?"

"గాలి అయిపోయేదాకా. అదే చోట. అదే అంచు. పాత ఫొటో పక్కన పెట్టి చూశారు. ఒకదాని మీద ఒకటి పెడితే తేడా లేదు."

"ఏమన్నారు?"

"నలభై ఒకటి నిజమే అన్నారు. మినిట్స్‌లో రాశారు. గొట్టం విప్పడం ఆర్నెల్లు ఆపారు. మెట్టు ఎంత ఎత్తుంటే ఎంతసేపు నిలుస్తుందో చూడమన్నారు." చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని వాటి వంకే చూస్తున్నాడు. "అంచు కొంచెం కాలింది. ఎత్తుగా ఉన్నది కదా, వేడంతా దాని మీదే. మూడు నాలుగు మందాల్లో గ్యాస్కెట్లు కావాలి. రాగి పనికిరాదేమో కూడా."

"ఒకటిన్నర, ఒకటీ ముప్పావు, రెండు తెప్పించుకోండి. స్టీలులో దొరుకుతాయి," అని నోరు జారి, "కొత్తాయన ఎవరొస్తే ఆయనతో చెప్పండి" అన్నాను.

బావ తల ఊపాడు. "పేపర్లు రెండూ వెనక్కి తీసుకోవాలి. ఎందుకు తప్పో రాయాలి. నీ కాగితం జత చేయాలి అందులో."

"చెయ్యి."

"నాకు కోపం ఉంది నీ మీద."

"ఉంటుంది బావా."

"కానీ ఇవాళ కుదరదు. ఇవాళ నావల్ల కాదు." లేచాడు. లేచి వెళ్ళిపోకుండా, ఒక సిలిండర్‌ని అటువైపు పట్టుకున్నాడు. ఇరవై రెండేళ్ళలో ఆయన సిలిండర్ ఎత్తడం నేను చూడలేదు. పట్టుకోవడం కూడా రాదు. బరువంతా నా మీదే పడింది. ఇద్దరం ఒగురుస్తూ లారీలోకి తోశాం.

"మీ అక్కకి నువ్వే చెప్పు" అన్నాడు.

"ఏం చెప్పను? ఎక్కణ్ణుంచి మొదలెట్టను?"

"నిలిచిందని ముందు చెప్పు. మిగతాది తర్వాత."

మంచి సరుకు ముందు చూపించే వరస ఆయనకి ఎవరు నేర్పారో. ఫోను తీసి కలిపాను. మొదటి రింగుకే ఎత్తింది, చేతిలోనే పట్టుకుని ఉంటుంది.

"అక్కా, నిలిచింది."

అవతల ముక్కు చీదిన చప్పుడు. తర్వాత, "ఆయనేరి?"

"ఇక్కడే ఉన్నాడు, నా పక్కన. బాగానే ఉన్నాడు."

"నిలిస్తే మరి నీ గొంతేంటి అలా ఉంది? ఆయనేంటి మాట్లాడట్లేదు? ఏం చేశార్రా మీరిద్దరూ?"

బావ వంక చూశాను. ఆయన లారీ చక్రానికి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. చొక్కాకి సిలిండర్ తుప్పు అంటుకుంది.

"ఏం లేదక్కా. బరువు ఎత్తాం," అన్నాను. "ఇంటికి వచ్చి చెబుతాను. అన్నం పెట్టు, ఇద్దరికీ."